నరంలోకి ఎక్కించిన మూలకణం మూలుగ దాక ఎట్ల పోతది? సీఎక్స్‌సీఆర్4 అనే ప్రొటీన్ సంగతి

సికిల్ సెల్ (ఎర్ర రక్త కణాలు కొడవలి లెక్క వంగే పుట్టుక జబ్బు) ఉన్న పిల్లల ఇంట్లో మూలుగ ట్రాన్స్‌ప్లాంట్ (మార్పిడి) మాట రాంగనే ముసలోళ్ళు అడిగే మొదటి మాట, "బొక్కకు తూటు పెట్టి మూలుగ లోపట పోస్తరా బిడ్డా?" అని. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ దిక్కు, అటు అహేరి, ఆలపల్లి, భామ్రాగఢ్ దిక్కు ఈ జబ్బు కొత్తది కాదు. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో ఆదివాసీ ఇండ్లల్లోనే కాదు వేరే కులాలోళ్ళలో కూడా ఉంది, కాళ్ళూ చేతులూ నడుమూ గుంజి రాత్రంతా ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని వంతెన దాటి మంచిర్యాలో వరంగలో పోయేటోళ్ళు ఉంటరు, ఇటు చంద్రపూర్, నాగపూర్ పోయేటోళ్ళు ఉంటరు. అక్కడ డాక్టర్ చెప్పే జవాబు చిన్నగా ఉంటది: "తూటు ఏం పెట్టం, రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తం."

ఆ జవాబు విన్నాక అసలు డౌట్ మొదలైతది, కావాలె కూడా. నరంలో పోసింది గుండెకు పోతది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, మళ్ళ గుండెకు, తర్వాత కాలేయం, కిడ్నీ, మెదడు, కాలి వేళ్ళ దాక ఒళ్ళంతా తిరుగుతది. మరి ఆ కణాలు అన్నీ దాటుకుని బొక్క లోపటికే పోయి ఎందుకు కూసుంటయి, దారి ఎవరు చెప్తరు? దీని జవాబు చాలా మటుకు మూలకణం పైపొర మీద ఉండే ఒక ప్రొటీన్‌లో ఉంది. పేరు సీఎక్స్‌సీఆర్4. పేరు చూసి భయపడొద్దు, ఈ ఒక్కదాన్ని పట్టుకుంటే ట్రాన్స్‌ప్లాంట్ ఎట్ల నడుస్తది, దాత దగ్గర కణాలు సూది మందుతో రక్తంలోకి ఎట్ల తెస్తరు, అదే సూది సికిల్ సెల్ పేషెంట్‌కి ఎందుకు ప్రమాదం, కొత్త జీన్ థెరపీలో వేరే మందు ఎందుకు వాడిండ్రు, ఇవన్నీ ఒకే దారానికి వస్తయి. నాకైతే ఈ మధ్య చదివిన బయాలజీలో ఇంత పనికొచ్చే సంగతి ఇంకోటి కనబడలేదు.

ముందు మూలుగలో ఉన్నదేందో చూద్దం. రక్తం తయారుచేసే మూలకణాలు పెద్దోళ్ళల్లో తుంటి, వెన్నుపూస, రొమ్ము బొక్క, పక్కటెముకలు, ఇసొంటి చోట్ల మూలుగలో ఉంటయి. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ వాటి సంతానమే. అవి ఉండే చోటులో చుట్టూ కొన్ని సాయం చేసే కణాలు ఉంటయి, అవి సీఎక్స్‌సీఎల్12 అనే చిన్న ప్రొటీన్‌ని వదులుతనే ఉంటయి (దీనికే పాత పేరు ఎస్‌డీఎఫ్-1). మూలకణం మీద ఉన్న సీఎక్స్‌సీఆర్4 పని ఈ సీఎక్స్‌సీఎల్12ని గుర్తుపట్టి పట్టుకునుడు. ఎండాకాలం మొదట్లో అడవిలో ఇప్పపువ్వు రాలంగనే ఎలుగుబంటి ఆ వాసన ఎటు దిక్కు గట్టిగా వస్తదో అటే నడుస్తది కదా, మూలకణం కూడా అట్లనే సీఎక్స్‌సీఎల్12 ఎక్కడ ఎక్కువగా ఉంటదో అటు జరుగుతది.

ఈ ప్రొటీన్ 352 అమైనో ఆమ్లాల గొలుసు. కణం పైపొరలో ఒక్కసారి కాదు, బయటికీ లోపటికీ మొత్తం ఏడుసార్లు దూరి ఉంటది. బయటి భాగం సీఎక్స్‌సీఎల్12ని పట్టుకోంగనే ప్రొటీన్ ఆకారం కొంచెం మారుతది, ఆ మార్పు లోపట ఉన్న జీ-ప్రొటీన్‌కి (కణం లోపటికి కబురు చేర్చే ప్రొటీన్) అందుతది, అక్కడి నుంచి కణాన్ని కదిలించే ఆక్టిన్ పోగులు ఒక దిక్కు పెరుగుడు మొదలుపెడ్తయి, కణం ఆ దిక్కు ముందుకు సాగుతది. ఇంకో ముఖ్యమైన విషయం లోపటి దిక్కు వేలాడే తోక. సిగ్నల్ వచ్చినాక ఆ తోక ద్వారానే కణం ఈ ప్రొటీన్‌ని పైపొర నుంచి లోపటికి గుంజుకుని కొంచెంసేపు సిగ్నల్ ఆపుతది. ఈ తోక సంగతి మళ్ళ వస్తది, గుర్తుపెట్టుకోండి.

నరంలోకి ఎక్కించిన కణం బొక్క దగ్గరి సన్న రక్తనాళాలకు చేరినంక జరిగేది ఒక్క ప్రొటీన్ పని మాత్రం కాదు. మొదట రక్తం జోరుకి కొట్టుకపోతున్న కణాన్ని నాళం గోడ మీది సెలెక్టిన్ అనే ప్రొటీన్లు కొంచెం కొంచెం అంటుకుని నెమ్మది చేస్తయి, కణం గోడ వెంబడి దొర్లుతది. ఆ గోడకే సీఎక్స్‌సీఎల్12 అంటుకుని ఉంటది, దాన్ని సీఎక్స్‌సీఆర్4 తాకంగనే కణం మీద ఉన్న వీఎల్‌ఏ-4 అనే ఇంకో ప్రొటీన్ గట్టి పట్టు పట్టే ఆకారానికి మారుతది, గోడ మీది వీక్యామ్-1ని పట్టుకుని కణం నిలబడిపోతది. తర్వాత గోడ కణాల సందులోంచి దూరి అవతలికి పోయి, సీఎక్స్‌సీఎల్12 ఎక్కువ ఉన్న చోటు దాక పోయి స్థిరపడుతది. అందుకే దీన్ని హోమింగ్ అంటరు. ఎక్కించిన కణాలన్నీ చేరయి, కొన్ని ఊపిరితిత్తులల్లో, కాలేయంలో, ప్లీహంలో ఆగి పోతయి, చేరినయే పెరిగి రెండు నుంచి నాలుగు వారాలల్లో కొత్త తెల్ల కణాలు రక్తంలో కనబడే దాక తెస్తయి. ఆ వారాలు ఇంటోళ్ళకి ఎంత భారంగా గడుస్తయో అనుభవించినోళ్ళకే తెలుసు, ఎందుకంటే పాత మూలుగని కీమో మందుతో ఖాళీ చేసి ఉంటరు, ఒంట్లో రోగంతో కొట్లాడేటందుకు ఏం ఉండదు.

ఇదంతా ఎట్ల తెలిసిందంటే, కథ 1996 నుంచి మొదలైతది, అదీ హెచ్‌ఐవీ రీసెర్చ్ నుంచి. హెచ్‌ఐవీ వైరస్ తెల్ల కణంలోకి పోవాలంటే కణం మీది సీడీ4 అనే ప్రొటీన్ ఒక్కటి సరిపోదు, ఇంకో ప్రొటీన్ కావాలె అని ఎప్పటినుంచో అనుమానం ఉండె. 1996లో అమెరికాలో ఎడ్వర్డ్ బర్గర్ టీమ్ ఆ రెండో ప్రొటీన్‌ని పట్టుకుని ఫ్యూసిన్ అని పేరు పెట్టింది. అదే మన సీఎక్స్‌సీఆర్4. అది సహజంగా పట్టుకునేది సీఎక్స్‌సీఎల్12ని అని కూడా అదే ఏడు తేలింది. అదే 1996లో జపాన్‌లో తకాషి నాగసావా వాళ్ళు సీఎక్స్‌సీఎల్12 జీన్ లేని ఎలుకలని తయారుచేసి చూస్తే వాటి మూలుగలో రక్త కణాల తయారీ పాడైంది. 1998లో సీఎక్స్‌సీఆర్4 లేని ఎలుకల్లో ఇంకా తేటగా కనబడింది. కడుపులో ఉన్న పిల్లలో రక్తం చాలా మటుకు కాలేయంలో తయారైతది, పుట్టుక దగ్గర పడే టైమ్‌కి మూలకణాలు అక్కడి నుంచి మూలుగకు వలస పోతయి. ఈ ఎలుకల్లో కాలేయంలో మూలకణాలు ఉన్నయి, మూలుగ మాత్రం దాదాపు ఖాళీ. అంటే కణాలు పుట్టుడుకి కాదు, మూలుగలో నిలదొక్కుకునుడుకి ఈ ప్రొటీన్ కావాలె. 1999లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో త్స్వీ లాపిడాట్ టీమ్ మనిషి మూలకణాలనే తీసుకుని, సీఎక్స్‌సీఆర్4ని యాంటీబాడీతో మూసి ఎలుకలకు ఎక్కించింది, అవి మూలుగలో పాతుకోలేదు. ముసలోళ్ళు అడిగిన ప్రశ్నకి ల్యాబ్‌లో దొరికిన జవాబు ఇదే అనుకోవచ్చు.

ఇప్పుడు ఇదే ప్రొటీన్‌ని ఉల్టా దిక్కు నుంచి చూడండి. లోపటికి తెచ్చేది అదే అయినప్పుడు లోపట పట్టి ఉంచేది కూడా అదే. మామూలుగా రక్తంలో మూలకణాలు చాలా తక్కువ, వెయ్యి తెల్ల కణాల్లో ఒక్కటి కూడా ఉండదు. ఆ కొంచెం కూడా రోజంతా ఒక్క తీరుగా ఉండదు, మూలుగలోకి పోయే నరాల సిగ్నల్స్‌తోటి సీఎక్స్‌సీఎల్12 పగలు రాత్రి లెక్కన పెరుగుతూ తగ్గుతూ ఉంటదని, తగ్గినప్పుడు ఎక్కువ కణాలు బయటికి వస్తయని 2008లో ఎలుకల్లో చూపించిండ్రు.

ట్రాన్స్‌ప్లాంట్‌కి ఇది సరిపోదు, పేషెంట్ బరువులో కిలోకి కనీసం 20 లక్షల మూలకణాలు కావాలె. వాటిని తీసే పద్ధతులు రెండు. ఒకటి మత్తిచ్చి దాత తుంటి బొక్క నుంచి సూదితో మూలుగనే తీసుడు, పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే, సికిల్ సెల్ పిల్లలకి అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు ఇచ్చేటప్పుడు ఎక్కువగా డాక్టర్లు దీన్నే ఇష్టపడతరు. రెండోది జీ-సీఎస్‌ఎఫ్ అనే సూది కొన్ని రోజులు వరుసగా వేసి, కణాలు మూలుగ వదిలి రక్తంలోకి వచ్చినంక మెషిన్‌తో వడకట్టుడు. జీ-సీఎస్‌ఎఫ్ సూటిగా మూలకణాన్ని తోసేయదు. అది న్యూట్రోఫిల్స్‌ని (ఒక రకం తెల్ల కణాలు) మస్తుగా పెంచుతది, వాటి నుంచి వచ్చే ఎంజైములు సీఎక్స్‌సీఎల్12ని, దానితోపాటు వేరే పట్టుకునే ప్రొటీన్లని కూడా కోస్తయి, మూలుగలో సీఎక్స్‌సీఎల్12 తయారీ కూడా తగ్గుతది, అట్ల పట్టు వదులై మూలకణాలు బయటికి వస్తయి. ఆరోగ్యంగా ఉన్న దాతకి రెండు మూడు రోజులు బొక్కల నొప్పులు, తలనొప్పి, అంతకు మించి పెద్దగా ఏం ఉండదు చాలామందికి.

సికిల్ సెల్ పేషెంట్ దగ్గరే కథ తిరగబడుతది. ఈ జబ్బులో హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో చోటులో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటది, అంత చిన్న తేడాకే ఆక్సిజన్ తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ గట్టి కడ్డీలు కట్టి ఎర్ర కణం కొడవలి లెక్క వంగుతది, సన్న నాళాలల్లో ఇరుక్కుంటది. ఇరుకుడు అంటే కొడవలి కణాల పనే అని చాలామంది అనుకుంటరు గానీ తెల్ల కణాల పాత్ర కూడా పెద్దదే, అవి నాళం గోడకి అంటుకుని ఉంటే ఎర్ర కణాలు వాటికి తగిలి ఆగుతయి. అసొంటి మనిషికి జీ-సీఎస్‌ఎఫ్ వేసి తెల్ల కణాలని ఒక్కసారి అమాంతం పెంచితే ఏమైతది? తీవ్రమైన క్రైసిస్ (నాళాలు మూసుకుని వచ్చే భరించలేని నొప్పి) వచ్చి ప్రాణాలు పోయిన కేసులు కూడా మెడికల్ పత్రికల్లో ఉన్నయి. అందుకే సికిల్ సెల్ పేషెంట్‌కి ఈ సూది వద్దని గట్టిగా చెప్తరు.

అన్నదమ్ముల కణాలు తీసుకునేటప్పుడు ఇది పెద్ద అడ్డం కాదు, సూది దాతకి కదా. కానీ జీన్ థెరపీలో పేషెంట్ కణాలనే బయటికి తీసి, జీన్ మార్చి, మళ్ళ ఆయనకే ఎక్కించాలె. మరి జీ-సీఎస్‌ఎఫ్ లేకుండా కణాలని బయటికి తెచ్చుడెట్ల? ఇక్కడ మళ్ళ హెచ్‌ఐవీ కథ వస్తది. బెల్జియంలోని లూవెన్‌లో ఎరిక్ డి క్లెర్క్ టీమ్ హెచ్‌ఐవీ మందుల కోసం వెతుకుతుంటే ఒక రసాయనం శాంపిల్‌లో వైరస్‌ని ఆపే గుణం కనబడింది, తీరా చూస్తే ఆ పని చేసింది అసలు రసాయనం కాదు, అందులో కొంచెంగా కలిసి ఉన్న ఇంకో పదార్థం. దాని నుంచి తయారైందే ఏఎండీ3100. అది సీఎక్స్‌సీఆర్4లో కూసుని వైరస్‌కి ఆ దారి మూసేస్తది. మనుషుల మీద టెస్ట్ చేసినప్పుడు డాక్టర్లకి అనుకోనిది కనబడింది, మందు ఎక్కించిన వాలంటీర్ల రక్తంలో తెల్ల కణాలు పెరిగినయి. వైరస్‌కి దారి మూసిన మందే సీఎక్స్‌సీఎల్12ని కూడా తాకనీయలేదు, మూలుగలో పట్టు తప్పి కణాలు రక్తంలోకి వచ్చినయి, వాటిలో మూలకణాలు కూడా ఉన్నయి. హెచ్‌ఐవీ మందుగా అది ముందుకు పోలేదు, కానీ ప్లెరిక్సాఫోర్ అనే పేరుతో 2008 డిసెంబర్‌లో అమెరికా మందుల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ, లింఫోమా, మైలోమా అనే రక్త కేన్సర్ల పేషెంట్లల్లో మూలకణాలు సేకరించేటందుకు జీ-సీఎస్‌ఎఫ్‌తో కలిపి వాడొచ్చని ఒప్పుకుంది.

సికిల్ సెల్‌కి దీని గొప్పతనం ఏందంటే జీ-సీఎస్‌ఎఫ్ లేకుండా ఒంటరిగా వాడొచ్చు. చర్మం కింద సూది వేసిన కొన్ని గంటల్లోనే మూలకణాలు రక్తంలోకి వస్తయి, మందు పని అయిపోంగనే మిగిలినయి వెనక్కి పోతయి, రోజుల తరబడి తెల్ల కణాలు పొంగి ఉండవు. 2018లో వేర్వేరు టీమ్‌లు సికిల్ సెల్ పేషెంట్లల్లో ప్లెరిక్సాఫోర్ ఒక్కటే వాడి సరిపడ కణాలు తీయొచ్చని చూపించినయి. అంతమాత్రాన అల్కగా అయ్యే పని కాదు. సేకరణకి ముందు వారాల తరబడి రక్తం మార్చి సికిల్ హీమోగ్లోబిన్‌ని తగ్గించాలె, హైడ్రాక్సీయూరియా (సికిల్ సెల్‌కి రోజూ వాడే మందు) ఆపాలె, అది కూడా డాక్టర్ చెప్తేనే ఆపాలె, ఎవరూ సొంతంగా ఆపొద్దు.

2023 డిసెంబర్ 8న ఎఫ్‌డీఏ సికిల్ సెల్‌కి రెండు జీన్ థెరపీలు ఒకేసారి అనుమతించింది, క్యాస్‌జెవీ, లిఫ్‌జీనియా. రెండిట్లోనూ కణాల సేకరణ ప్లెరిక్సాఫోర్‌తోనే. క్యాస్‌జెవీలో క్రిస్పర్ అనే జీన్ కోసే పద్ధతితో బీసీఎల్11ఏ అనే జీన్‌ని నడిపే ఒక ముక్కని కోస్తరు, దాంతో పుట్టినంక ఆగిపోయిన పసితనపు హీమోగ్లోబిన్ మళ్ళ తయారైతది. ట్రయల్‌లో లెక్కలోకి తీసుకున్న 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలలు వరుసగా పెద్ద క్రైసిస్ రాలేదు. దీనికి కిలో బరువుకి కనీసం 2 కోట్ల మూలకణాలు సేకరించాలని టార్గెట్, మామూలు ట్రాన్స్‌ప్లాంట్ కనీసం కంటే పది రెట్లు, ఎందుకంటే జీన్ మార్చే పనిలో చాలా కణాలు పోతయి. చాలామంది ఒకటి కంటే ఎక్కువసార్లు సేకరణకి కూసోవాల్సి వస్తది. చివరికి మార్చిన కణాలని నరంలోకి ఎక్కించినప్పుడు, ప్లెరిక్సాఫోర్‌తో కొన్ని గంటలు మూసిన అదే సీఎక్స్‌సీఆర్4 మళ్ళ తెరుచుకుని ఉండి కణాన్ని మూలుగకి చేర్చాలె. ఒకే ప్రొటీన్‌ని ముందు వదిలించుడు, తర్వాత దాని మీదే ఆధారపడుడు, ఈ చికిత్స మొత్తం ఈ రెండు పనుల మధ్యలోనే ఉంది.

ధర మాత్రం గుండె ఆగేంత. క్యాస్‌జెవీకి అమెరికాలో 22 లక్షల డాలర్లు, లిఫ్‌జీనియాకి 31 లక్షల డాలర్లు పెట్టిండ్రు. మన లెక్కలో ఒక్కొక్కటి 18 కోట్ల రూపాయల పైననే. ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది ఆఫ్రికా, ఇండియా, అరబ్ దేశాల పేదోళ్ళల్లో, మందు తయారైంది వేరే చోట, ఈ దూరం తగ్గించుడు కోసం మన దేశంలో చవకగా చేసే పద్ధతులు రావాలె, వాటి కోసం గట్టిగా అడగాలె, అడిగే హక్కు గడ్చిరోలి తల్లులకి అందరికంటే ఎక్కువ ఉందని నేను నమ్ముత. కేంద్రం 2023 జూలైలో మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ 7 కోట్ల మందికి టెస్ట్ చేసి 2047 నాటికి ఈ జబ్బుని నిర్మూలించాలె అంటుంది. టెస్టులు అవసరమే, నేను కాదనను, కానీ ఇప్పటికే పుట్టి నొప్పితో ఉన్న పిల్లలకి టెస్ట్ కార్డు చికిత్స కాదు.

తోక సంగతి చెప్తా అన్న కదా. విమ్ సిండ్రోమ్ అని చాలా అరుదైన జబ్బు ఉంది, అందులో సీఎక్స్‌సీఆర్4 తోక ముక్క తెగిపోయి ఉంటదని 2003లో తేలింది. తోక లేకపోతే ప్రొటీన్ లోపటికి పోదు, సిగ్నల్ ఆగదు, న్యూట్రోఫిల్స్ మూలుగలోనే ఇరుక్కుని రక్తంలోకి రావు, దాంతో ఆ మనిషికి ఇన్‌ఫెక్షన్లు, పులిపిర్లు విడవయి. అంటే ఈ పట్టు తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే. ఈ జబ్బుకి 1964లో మొదటిసారి మెడికల్ పత్రికకి ఎక్కిన పేషెంట్ ఒకామె, చిన్నతనమంతా బాధపడి పెద్దయినంక తనకు తానే బాగైంది. 2015లో ఎందుకో తేలింది, ఆమె మూలకణం ఒకదాంట్లో రెండో క్రోమోజోమ్ ముక్కలు ముక్కలై మళ్ళ అతుక్కుంది, ఆ గందరగోళంలో పాడైన సీఎక్స్‌సీఆర్4 కాపీ పోయింది, ఆ ఒక్క కణం సంతానమే ఆమె మూలుగని నింపింది. 2024 ఏప్రిల్‌లో ఈ జబ్బుకి మావోరిక్సాఫోర్ అనే గోలీ వచ్చింది, అది కూడా సీఎక్స్‌సీఆర్4ని మూసేదే.

ఈ సైన్స్ తెలిస్తే ఇంకో మోసం కూడా కనబడుతది. "స్టెమ్ సెల్ ఇంజెక్షన్ నరంలోకి ఇస్తం, అది పోయి మోకాలు బాగుచేస్తది, మెదడు బాగుచేస్తది, షుగర్ తగ్గిస్తది" అని చెప్పే క్లినిక్‌లు పట్నాలల్లో ఉన్నయి, వాట్సాప్‌లో మా దాక కూడా యాడ్స్ వస్తయి. రక్తపు మూలకణం మూలుగకి పోతదంటే దానికి సీఎక్స్‌సీఆర్4 ఉంది, అక్కడ సీఎక్స్‌సీఎల్12 ఉంది, ఏండ్ల తరబడి చేసిన ప్రయోగాలు ఉన్నయి. ఇసొంటి క్లినిక్‌లల్లో ఎక్కువగా వాడే మీసెంకైమల్ కణాలు (రక్తం కాకుండా బొక్క, కొవ్వు లాంటివి తయారుచేసే వేరే రకం మూలకణాలు) నరంలోకి ఇస్తే మొదట ఎక్కువ శాతం ఊపిరితిత్తుల సన్న నాళాలల్లోనే చిక్కుకుంటయి. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం కొన్ని రక్త జబ్బులకి చేసే మూలుగ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలె, ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర పైసలు తీసుకోవద్దు. ఎకరం అమ్మి కట్టే ముందు ఆ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి.

చివరికి ఇంటి దగ్గర పనికొచ్చే మాట. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళల్లో ఒక్కొక్కరికి హెచ్‌ఎల్‌ఏ (దాత, పేషెంట్ కణాలు కలుస్తయా అని చూసే గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతు. చాలా ఇండ్లల్లో తమ్ముడికో చెల్లెకో సికిల్ ట్రైట్ ఉంటది, అంటే వాహకులు, జబ్బు లేదు, "వాడికి కూడా ఉంది కదా, వాడు ఎట్ల ఇస్తడు" అని టెస్ట్‌కే తీసుకపోరు. ట్రైట్ ఉన్నోళ్ళు దాతలుగా ఇయ్యొచ్చు, వాళ్ళ నుంచి జీ-సీఎస్‌ఎఫ్‌తో కూడా కణాలు సురక్షితంగా తీసిన రిపోర్టులు 2002 నుంచే ఉన్నయి. కాబట్టి పిల్ల చిన్నగా ఉన్నప్పుడే, అవయవాలు దెబ్బతినక ముందే, ఇంట్లో ఉన్న తోడబుట్టినోళ్ళందరికీ హెచ్‌ఎల్‌ఏ టెస్ట్ చేయిస్తరా అని హెమటాలజీ డాక్టర్‌ని అడగండి.